పంతులమ్మ నోరు

కొత్తపాళెం, వాకాడు మీదుగా
1961 జూలై 9

ప్రియమైన సలోమి వదినకు,

సముద్రపు గాలికి జుట్టంతా కొబ్బరి పీచయిపోయిన నీ ఆడబిడ్డ దీవెనమ్మ వందనాలు. క్షేమంగా చేరాను. గూడూరు దాకా రైలు, వాకాడు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఎద్దుల బండి, చివరికి ఇసుకలో నా సొంత కాళ్లు. పెట్టె బండివాడు మోశాడు. గొడుగు నేను మోశాను. గాలి ఆ గొడుగును తిరగేసి, నన్నూ తిరగేయబోయింది.

బడి అంటే తాటాకు పాక. మొదటిరోజు రెండో ఎక్కం చెబుతుంటే బయట ఎవరో "వల వచ్చిందిరో!" అని అరిచారు. రెండు రెళ్లు నాలుగు అనేసరికి పాకలో నేనూ ఒక మేకపిల్లా మిగిలాం. మేకపిల్ల శ్రద్ధగానే విన్నది.

ఆదివారం సాయంత్రం ఆ పాకలోనే స్త్రీల ప్రార్థన కూటం జరుగుతుంది. నడిపేది నేనే. దానికి చెంగమ్మ అని ఒకావిడ వస్తుంది. భర్త చెంచయ్య పడవ మీద పోతాడు, ఈవిడ వాకాడు వీధుల్లో గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్ముతుంది. ఇద్దరూ పోయిన సంవత్సరమే బాప్తిస్మం తీసుకున్నారు. వదినా, ఆవిడ ప్రార్థన నువ్వు వినాలి! మనం కళ్లు మూసుకుంటామా, ఆవిడ తెరిచే ఉంచుతుంది. ఒక చెయ్యి నడుం మీద.

"ఇట్టా జూడు ప్రభువా. నేను మేడలడిగినానా, మాన్యాలడిగినానా? బిడ్డ కాళ్లకు ఒక జత చెప్పులు. ఆడ ఇసక కాలద్దా? లోకమంతా జేసినోడివి, చెప్పులు నీకొక లెక్కా? సరే, కొత్తయి లేకుంటే పాతయన్నా ఈయి!"

అచ్చం చందువ చేపకు బేరమాడినట్టే. దేవుడు "సరే, పట్టుకుపో తల్లీ" అనకుండా ఎట్లా నిగ్రహించుకుంటాడో! నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇంటికొచ్చి పక్కింటావిడకు చేసి చూపిస్తే పడీ పడీ నవ్వింది. నా విద్య నీకు తెలుసుగా, మీ పెళ్లి చేయించిన పాస్టరు అయ్యగారి దగ్గును కూడా వదలలేదు.

అన్నకూ పిల్లలకూ నా ముద్దులు. అన్నకు వద్దులే, వందనాలు చాలు.

నీ
దీవెన

*

సంతపేట, నెల్లూరు
1961 ఆగస్టు 3

మా ఇంటి అల్లరి దీవెనకు,

నీ ఉత్తరం వచ్చేసరికి పప్పు పొయ్యి మీద ఉంది. చదివి నవ్వుతుంటే అది అడుగంటింది. మీ అన్న మాడు వాసన పట్టి వంటింట్లోకి వచ్చినాడు, ఆయనకూ చదివి వినిపించినాను. ఇద్దరం నవ్వుకుంటూ మాడుపప్పే తిన్నాం.

నేను కుట్టుపని నేర్పే ఆడవాళ్లకు కూడా చెంగమ్మ బేరం చేసి చూపించాను. నీ అంత బాగా రాలేదుగానీ, నవ్వారు. మీ అన్న తను పనిచేసే ప్రెస్సులో చెప్పినాడట. అక్కడ ప్రూఫులు చూసే గంగాధరంగారు ఒక్కరే నవ్వలేదట. "బిడ్డకు చెప్పులు కావాలనడంలో నవ్వుకునేదేముందయ్యా?" అన్నారట. ఆయనకు హాస్యం తక్కువని మీ అన్న తీర్మానం.

అది సరే, ఆ బిడ్డకు చెప్పులు దొరికాయా? మన రెండోదానికి ఇరుకైపోయిన జత ఒకటి ఉంది, చెక్కుచెదరలేదు. పాప కాలు కొలత పుల్లతో తీసి పంపించు. గూడూరు వచ్చేవాళ్ల చేత పంపిస్తాను. దేవుడు ఆలస్యం చేస్తే మనం చేయకూడదని ఎక్కడా లేదుగదా.

గొడుగు జాగ్రత్త. గాలిలో ఎగిరిపోతే నిన్ను పెళ్లి చేసుకునేవాడు సిలోనులో దొరుకుతాడు.

మీ వదిన
సలోమి

*

కొత్తపాళెం
1961 అక్టోబరు 15

వదినకు,

వందనాలు. ఇక్కడ వానలు. పాక కురుస్తోంది. పిల్లలు సరిగ్గా రావడంలేదు. స్త్రీల కూటానికి కూడా జనం పలచబడ్డారు. చెంగమ్మ రావడం మానేసింది. వానల వల్ల కావచ్చు. ఒంట్లో బాగాలేదని కూడా ఎవరో అన్నారు. చేపల కాలం గనక తీరికుండదు. చెంచయ్యకు ఇష్టంలేదేమో కూడా, తెలియదు.

నేను బాగానే ఉన్నాను. ఇంక విశేషాలేమీ లేవు.

దీవెన

*

సంతపేట, నెల్లూరు
1961 నవంబరు 6

దీవెనా,

నీ ఉత్తరాన్ని రెండుసార్లు తిరగేసి చూశాను, వెనకపక్క ఇంకేమైనా ఉందేమోనని. మేకపిల్ల రాసినా ఇంతకన్నా ఎక్కువ రాసేది.

చెంగమ్మ రాకపోవడానికి వాన అన్నావు, ఒళ్లన్నావు, చేపలన్నావు, మొగుడన్నావు. ఒకటి నిజమైతే ఆ ఒకటే రాసేదానివి. చెప్పుల కొలత అడిగాను, ఆ మాటే ఎత్తలేదు. "విశేషాలేమీ లేవు" అని నువ్వు రాయడమే పెద్ద విశేషం.

ఏం జరిగిందమ్మణ్ణీ? నేను నీకు వదినను, కోర్టును కాదు. రాయి.

సలోమి

*

కొత్తపాళెం
1961 డిసెంబరు 4

వదినా,

రాస్తున్నాను. నీ దగ్గర దాచడం ఎప్పుడూ నా వల్ల కాలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఇక్కడి పాస్టరు అయ్యగారు వాకాడు నుంచి రావాల్సి ఉంది. వాన పట్టుకుంది, ఆయన రాలేదు. ఆడవాళ్లందరం పాకలో కూర్చున్నాం. ఎవరో "పంతులమ్మా, చెంగమ్మ మాదిరి ఒకసారి చెయ్యి" అన్నారు. చెంగమ్మ అప్పటికింకా రాలేదు. నేను లేచి కొంగు నడుముకు దోపి, చెయ్యి నడుం మీద పెట్టి మొదలుపెట్టాను. అంతా చేశాను. బిడ్డ కాళ్లు, కాలే ఇసుక మీద గెంతడం, పాత చెప్పులు. కొందరు నవ్వారు. కొందరు పెద్దవాళ్లు తల దించుకున్నారు. వాళ్లకు అర్థం కాలేదేమోనని నేను ఇంకా గట్టిగా చేశాను. ఉన్నట్టుండి నవ్వులు ఆగిపోయాయి. వెనక్కి తిరిగితే గడపలో చెంగమ్మ నిలబడి ఉంది, తడిసి ముద్దయి, చేతిలో కొంగు కప్పిన చిన్న గంపతో. అయ్యగారు వస్తున్నారని ఎండుచేపలు తెచ్చింది.

తిట్టి ఉంటే బాగుండేది. గంప కింద పెట్టి, "నేను తప్పు మాట్టాడుంటే సరిగ్గా ఎట్టనాల్నో జెప్పు పంతులమ్మా, నేర్చుకుంటా" అన్నది. వానలోనే వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక ఒక అవ్వ నాకు చెప్పింది. "ఆ బిడ్డ యాడుండాదమ్మా? పోయినేడు ఎండల్లో జొరమొచ్చి పోయినాది. బిడ్డ పోయినాకే వాళ్లు దేవుడి కాడికి వచ్చినారు. ఆడంటే ఈడ గాదు. పైన."

ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి. నవ్వినవాళ్లు కూడా నా చేష్టలకే నవ్వారట. కొత్తగా వచ్చిన నాకొక్కదానికే తెలియదు. తెలియదు గదా వదినా! తెలిస్తే చేసేదాన్నా? కావాలని చేశానా?

వాళ్ల ఇంటికి వెళ్లాను కూడా. "ఏదో సరదాకి అన్నాను చెంగమ్మా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాను. "అట్నేమ్మా" అని మజ్జిగ ఇచ్చింది. కానీ కూటానికి రాలేదు. ఇంట్లో కూడా ఇప్పుడు ప్రార్థన చేయడంలేదని చెంచయ్య చెప్పాడు. "దేవుడికి నా మాట నవ్వులాటంట" అన్నదట.

నేను చాలా ఏడ్చాను. అందరూ నా గురించి ఏమనుకుంటున్నారో! అయ్యగారికి తెలిస్తే ఈ ఉద్యోగానికి తగననుకోరా? దుఃఖపడేవాళ్లు ధన్యులు, వాళ్లకు ఓదార్పు ఉందని ప్రభువు కొండ మీద చెప్పాడని పిల్లలకు నేనే నేర్పుతాను. ఇంత ఏడ్చినా నాకు మాత్రం ఆ ఓదార్పు రాలేదేం?

దీవెన

*

సంతపేట, నెల్లూరు
1962 జనవరి 10

నా బంగారు దీవెనకు,

వెంటనే రాయలేకపోయాను. క్రిస్మసు పనులని సాకు చెప్పొచ్చుగానీ చెప్పను. నీ ఉత్తరం చదివాక చెయ్యి రాలేదు.

ఆ చెప్పుల జతను కాగితంలో చుట్టి గూట్లో పెట్టుంచాను. దాని వంక చూడలేకపోయాను. నేనూ నవ్వానుగదా. నేనూ నవ్వించానుగదా. మీ అన్నకు చెబితే మెట్ల మీద కూర్చుని అన్నానికి లేవలేదు. మర్నాడు గంగాధరంగారి దగ్గరకు వెళ్లి సంగతి చెప్పినాడు. ఆయన మీ అన్న భుజం తట్టినారట. నేను కుట్టుపని ఆడవాళ్లను కూర్చోబెట్టి, మనం నవ్వింది చచ్చిపోయిన బిడ్డను చూసి అని చెప్పాను. ఆరోజు ఎవరి మిషనూ నడవలేదు.

ఇప్పుడు నీ మాట. కోపం తెచ్చుకోవద్దు. నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. అందరూ ఏమనుకుంటారో అని ఉంది. అయ్యగారికి తెలిస్తే అని ఉంది. నువ్వు ఏడ్చింది నీ పరువు కోసం దీవెనా. నాకూ మొదట వచ్చింది ఆ ఏడుపే, అందుకే గుర్తుపట్టాను. ప్రభువు ధన్యమన్నది దాన్ని కాదనుకుంటాను. మన పాపం వల్ల ఎవరికి నొప్పి పుట్టిందో ఆ మనిషి మనకు కనబడాలి. అప్పుడొచ్చే దుఃఖం వేరు. దానికే ఆయన దగ్గర ఓదార్పు ఉంది. ముల్లు లోపలే ఉంచుకుని కట్టు కట్టమంటే ఆయన మాత్రం ఎట్లా కడతాడు?

"మనసులో పెట్టుకోవద్దు" అని చెప్పి వచ్చావు. అంటే తప్పు ఆమె మనసుదయింది, నీ నోటిది కాలేదు.

మళ్లీ వెళ్లు. క్షమించమని తొందరపెట్టబాక. ఆ బిడ్డ పేరేమిటో నీకు తెలుసా? నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. వెళ్లి ఆ పేరు అడుగు.

మేమిద్దరం నీ కోసం ప్రార్థిస్తున్నాం. నవ్వడం మానేస్తావేమో, అదొక్కటీ చేయొద్దు.

నీ
సలోమి వదిన

*

కొత్తపాళెం
1962 మార్చి 12

ప్రాణం లాంటి వదినకు,

నీ ఉత్తరం చదివి మూడోనాటికి కూడా నీ మీద కోపం పోలేదు. ఆ తర్వాత పోయింది. ధైర్యం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. నిన్న వెళ్లాను.

చెంగమ్మ ఇంటి ముందు ఇసుకలో పాత వల పరిచి నెత్తళ్లు ఎండబెడుతోంది. చేతిలో కాకుల్ని తోలే కర్ర. నేను పక్కన కూర్చుని చేపలు తిరగేయసాగాను. చివరికి అడిగాను.

"చెంగమ్మా, బిడ్డ పేరేంది?"

నా వంక చూసింది. ఆ పేరు ఎవరైనా అడిగి చాలా కాలమయినట్టుంది.

"మునెమ్మ" అన్నది.

ఆ తర్వాత ఆమె ఆగలేదు వదినా. మునెమ్మ రోజూ ఒడ్డు మీదున్న తల్లికి గంజి తెచ్చేదట. మధ్యాహ్నం ఇసుక కాలుతుంటే ఒక పడవ నీడలోంచి ఇంకో పడవ నీడలోకి గెంతుకుంటూ, గంజి ముంత ఒలకకుండా. "కప్ప మాదిరి గెంతేదమ్మా. సూసి నవ్వేవోళ్లం" అన్నది. చెప్పులు కొనిపెట్టమని అడిగితే, వచ్చే సంతకు తెస్తానన్నదట. ఆ సంత లోపలే జ్వరం వచ్చింది.

నేను పాకలో గెంతింది గుర్తొచ్చింది. ఆ కాళ్లు కనబడ్డాయి నాకు. చిన్నకాళ్లు, బొబ్బలెక్కినవి. "చెంగమ్మా, నీ బిడ్డను చూసి నేను నవ్వాను. పదిమందిని నవ్వించాను. అది పాపం" అన్నాను. ఇంకేదో అనబోయాను. ఏడుపు వచ్చేసింది. ఎవరు చూస్తున్నారో, నా మొహం ఎట్లా ఉందో, ఏదీ తెలియలేదు.

ఆమె "పర్లేదులేమ్మా" అనలేదు. "పాపమే" అన్నది. "నాకు శానా నొప్పి పుట్టినాది పంతులమ్మా. దేవుడు గూడా నీ పక్కన జేరి నవ్వుతుండాడనుకున్నా."

ఆ మాటకు నేను ఇంకా ఏడ్చాను. అప్పుడు ఆమె నా పక్కకు జరిగి తన కొంగుతో నా మొహం తుడిచింది. వదినా, ఆ కొంగు నిండా నెత్తళ్ల వాసన! ఏడుస్తూనే తుమ్మాను. తుమ్మితే ఆమె నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. ఓదార్చాల్సినదాన్ని నేను. ఓదార్చిందేమో ఆమె.

కాస్త తేరుకున్నాక అడిగింది. "నువ్వు సదువుకున్నదానివి గదా. నిజం జెప్పు. ఆడ ఇసక కాలద్దా, కాలదా?"

నాకు ట్రైనింగులో ఎవరూ నేర్పని ప్రశ్న. ఏదో ఒకటి చెప్పేయాలని నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. "ఆడ ఇసక ఉందో లేదో నాకు తెలియదు చెంగమ్మా. ఒక్కటి మాత్రం తెలుసు. పిల్లల్ని దగ్గరకు రానీయొద్దని శిష్యులు తోలుతుంటే, ప్రభువు వాళ్లమీద కోప్పడి పిల్లల్ని ఎత్తుకున్నాడు. ఎత్తుకున్న బిడ్డకు కాలు కింద ఆనదు గదా" అన్నాను.

ఆమె సముద్రం వైపు తిరిగింది. "ఎత్తుకునుంటాడా?" అన్నది. "ఎత్తుకునే ఉంటాడు" అన్నాను. "బరువుంటాది మునెమ్మ. పుష్టిగల బిడ్డ" అన్నది. "ఆయన మోయగలడులే" అన్నాను.

ఇంతలో చూస్తే మా ముందు వల సగం ఖాళీ! మేమిద్దరం ఏడుస్తుంటే పాళెంలోని కాకులన్నీ విందు చేసుకున్నాయి. చెంగమ్మ కర్ర పట్టుకుని "నీ దుంప తెగ!" అంటూ ఒకవైపు, నేను కొంగు విసురుతూ ఇంకోవైపు పరుగు. చెంచయ్య అప్పుడే వచ్చి, మా ఉబ్బిన కళ్లూ ఖాళీ వలా చూసి, "కాకులు తిన్నందుకు ఇంత ఏడవాల్నా?" అన్నాడు పాపం.

ఇంటికి నడిచి వస్తుంటే, వదినా, లోపలి బరువేదో దిగింది. తేలిక అనడానికి లేదు, మునెమ్మ కాళ్లు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. కానీ ఆ దుఃఖంలో నేను ఒంటరిగా లేను. పక్కన ఎవరో నడుస్తున్నట్టుంది. ఇన్నాళ్లూ నేను ప్రభువు కోపానికి భయపడి మొహం తిప్పుకున్నాను. ఆయనేమో నన్ను తీసుకురావడానికి చెంగమ్మ ఇంటి దగ్గరే కాచుకుని ఉన్నాడు.

చెంగమ్మ కూటానికి వస్తానని అనలేదు. నేనూ అడగలేదు.

నీ
దీవెన

*

సంతపేట, నెల్లూరు
1962 ఏప్రిల్ 5

దీవెనా,

నీ ఉత్తరం మీ అన్న పైకి చదివాడు. "ఎత్తుకున్న బిడ్డకు కాలు కింద ఆనదు" అన్నచోట ఆగిపోయాడు. నన్ను చదవమన్నాడు. నేనూ అదే చోట ఆగిపోయాను. చివరికి మన పెద్దాడు చదివి ముగించి, "కాకుల సంగతి బాగుంది" అన్నాడు.

మే నెలలో పిల్లల సెలవులకు అందరం అక్కడికి వస్తాం. చేపల పులుసు చేసి పెట్టడం నేర్చుకునుండు. వంజరం దొరికితే చూడు. మామిడికాయలు నేను తెస్తాను.

చెంగమ్మ వచ్చినా రాకపోయినా ఆమె దగ్గరకు వెళ్లడం మానబాక.

సలోమి

*

కొత్తపాళెం
1962 మే 2

ప్రియమైన వదినకు,

శుభవార్త ముందు చెబుతాను, మిగతాది వెనక. చెంగమ్మ వచ్చింది!

ఈస్టరు పండుగనాడు పొద్దున్నే పాకలో కూడాం. ఈసారి అయ్యగారు కూడా వచ్చారు. పాట అయిపోయాక చూస్తే వెనక వరసలో ఆమె. అయ్యగారు "ఎవరైనా ప్రార్థన చేయండి" అన్నారు. చెంగమ్మ లేచింది. చెయ్యి నడుం మీదకు పోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఇట్టా జూడు ప్రభువా. నువ్వు లేచినావు, శానా సంతోసం. నా బిడ్డను ఎత్తుకునుండావంట, పంతులమ్మ జెప్పినాది. చేతులు నొప్పెడితే భుజం మార్చుకో, కిందకి మాత్రం దించబాక. ఇంకొక మాట. మా పంతులమ్మ నోరు నీకు తెలిసిందే గదా. దాన్ని మూయించబాకయ్యా, బడి బిడ్డోళ్లకి పనికొస్తాది. దానికొక తలుపు పెట్టు. గడియ మాత్రం ఆమె పక్క పెట్టబాక. నీ పక్కనే పెట్టుకో. ఆమెన్."

పాక అదిరిపోయేట్టు నవ్వారు. అయ్యగారు ఉత్తరీయంతో మొహం కప్పుకున్నారు, దగ్గో నవ్వో తెలియలేదు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. నా కళ్లలోంచి నీళ్లు. ఆమెన్ అని కూడా అందరికన్నా గట్టిగా నేనే అన్నాను.

పండుగ మర్నాడు ఇంకొకటి జరిగింది. ఉత్తరంగా ఉన్న పాళెంలో ఒక చిన్నదానికి తొలికాన్పు బిడ్డ దక్కలేదు. ఆ పిల్ల తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుందట. చెంగమ్మ గంప దించి, "రా పంతులమ్మా, పోయొద్దాం" అన్నది. అలాంటి ఇంటికి నా నోరు తీసుకుని ఎట్లా వెళ్లను? "నువ్వు పోయిరా చెంగమ్మా, నాకు ఏం మాట్లాడాలో తెలియదు" అన్నాను. "అందుకే రమ్మంటుండా" అన్నది.

వెళ్లాం. ఇంటి ముందు ఆ పిల్ల అత్త కూర్చుని ఉంది. నా ఇస్త్రీ చీరా, గొడుగూ చూసి అనుమానంగా, "ఈమె యెవురు?" అని అడిగింది.

చెంగమ్మ నన్ను చేయి పట్టుకుని ముందుకు లాగింది.

"మా పంతులమ్మ. ఏడవడం వచ్చినామె. లోపలికి రానీ."

ఆ అత్త పక్కకు జరిగింది. లోపల నేను ఒక్కమాట కూడా మాట్లాడలేదు వదినా. బిడ్డకు ఏం పేరు పెట్టాలనుకున్నారో మాత్రం అడిగాను. ఆ పిల్ల గోడవైపు నుంచి ఇటు తిరిగింది. ముగ్గురం చాలాసేపు కూర్చున్నాం. మేం లేచేటప్పటికి ఆమె కాస్త గంజి తాగింది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఒకతను తాటిముంజలు కొడుతున్నాడు. ఇసుకలో కూర్చుని తిన్నాం. నా ముంజనీళ్లు సర్రున చెంగమ్మ మొహాన చిమ్మాయి. ఆమె నన్ను తిట్టిన తిట్లు ఉత్తరంలో రాయదగినవి కావు, మీరు వచ్చాక చేసి చూపిస్తాను. ఆమెను ముందే అడిగాను. చేసుకోమన్నది, కానీ తను కూడా పక్కన ఉండాలట, తప్పులుంటే దిద్దడానికి.

త్వరగా రండి. వంజరం సంగతి చెంచయ్యకు చెప్పి ఉంచాను.

ఇట్లు,
ఏడవడం వచ్చిన నీ ఆడబిడ్డ,
దీవెన